వెబ్ పుటలను మోసుకొని వచ్చు నియమములు
హెచ్.టి.టి.పి. — మూడు తరముల కథ

పరీక్షాఫలితములు వెలువడిన దినమున లక్షలకొలది విద్యార్థులు ఒకే గంటలో ఒకే వెబ్‌సైటును తెరువ ప్రయత్నింతురు. కొందరికి పుట వెంటనే కనిపించును. కొందరికి తెర తెల్లగనే నిలిచిపోవును. సర్వరునకు తగిన శక్తి లేకపోవుట ఇందుకొక కారణము. ఫోనుకు అందు రేడియో సంకేతము బలహీనముగ నుండుట మరియొక కారణము. వీనికి తోడు మూడవ కారణము కూడ కలదు. అడుగు యంత్రమును, ఇచ్చు యంత్రమును ఏ పద్ధతిలో మాటలాడుకొనవలెనో నిర్ణయించు నియమావళి పాతదైనచో, తీగ యెంత మంచిదైనను కాలము వృథా యగును.

ఇట్టి నియమావళిని ప్రోటోకాలు అందురు. వెబ్ పుటలను మోసుకొనివచ్చు ప్రోటోకాలు పేరు హెచ్.టి.టి.పి. వెబ్‌సైటు చిరునామాకు మొదట కనిపించు అక్షరములు ఇవియే. 1991 నుండి ఇది పలుమార్లు మారినది. 2015లో దీని రెండవ తరమును, 2022లో మూడవ తరమును ప్రమాణములుగ వెలువడినవి. ఈ మార్పులు ఎందుకు అవసరమైనవి? లక్షలాది వెబ్‌సైట్లు వీనిని ఎట్లు స్వీకరించినవి? వీనివలన ఎవరికి ఎక్కువ మేలు కలిగినది? ఈ ప్రశ్నలకు సమాధానములు తెలిసికొనుటకు మొదట పాతపద్ధతిని పరిశీలింపవలెను.

అడుగుట, ఇచ్చుట

స్విట్జర్లండులోని జెనీవా నగరముచెంత సెర్న్ అను అణుభౌతిక పరిశోధనాలయము కలదు. అచ్చట పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్ లీ 1989లో వెబ్‌ను గూర్చిన తన ప్రతిపాదనను వ్రాసెను. 1991 నాటి మొట్టమొదటి హెచ్.టి.టి.పి. మిక్కిలి సరళమైనది. అడుగు యంత్రము ఒకే పంక్తి పంపును: "ఈ పేరుగల పుటను ఇమ్ము" అని దాని భావము. సర్వరు ఆ పుటను పంపి సంబంధమును తెంచివేయును. అంతటితో పని ముగియును.

1996లో వెలువడిన 1.0 రూపములో వినతికిని, ప్రత్యుత్తరమునకును శీర్షికలు చేర్చబడెను. పంపబడునది వ్రాతయా, చిత్రమా, దాని పరిమాణమెంత, అది యే తేదీనాటిది అను సంగతులు ఈ శీర్షికలలో నుండును. 1997 జనవరిలో 1.1 రూపము వచ్చెను. ఒకమారు ఏర్పడిన సంబంధమును తెంపక, దానిమీదనే అనేక వినతులను వరుసగా పంపు పద్ధతి ఇందులో సామాన్యమైనది. ఈ 1.1 రూపమే సుమారు పదునెనిమిది సంవత్సరములు ప్రపంచమంతటిని ఏలినది.

పొట్లములు, రసీదులు

హెచ్.టి.టి.పి. స్వయముగ దేనిని మోయదు. ఏమి అడుగవలెను, ఎట్లు బదులీయవలెను అను భాషను మాత్రమే అది నిర్ణయించును. మోతపని దాని క్రిందనున్న మరియొక ప్రోటోకాలుది. దానిపేరు టి.సి.పి. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు దీని మూలభావమును 1974లో ప్రకటించిరి. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ అను జాలము ఈ పద్ధతికి మారినది.

టి.సి.పి. చేయు పనిని తపాలా ఉదాహరణముతో గ్రహింపవచ్చును. ఒక పెద్ద గ్రంథమును తపాలాలో పంపవలసి యున్నది. కాని తపాలావారు ఒక్కొక్క కవరులో పది కాగితములకు మించి అనుమతింపరు. అప్పుడు గ్రంథమును విడదీసి, కవరులపై వరుసగా అంకెలు వేసి పంపవలెను. అందుకొన్నవాడు ప్రతి కవరునకు రసీదు పంపును. రసీదు రాని కవరును మరల పంపవలెను. కవరులు ముందువెనుకలుగ చేరినను, అంకెల ననుసరించి వానిని సరిచేసి, గ్రంథమును తిరిగి కుట్టవచ్చును. టి.సి.పి. చేయునది సరిగ నిదియే. కవరులకు బదులు ఇచ్చట ప్యాకెట్లు అను పొట్లములుండును. ఒక్కొక్క పొట్లము సాధారణముగ 1,500 బైట్లకు మించదు.

పొట్లములు పంపుటకు ముందు రెండు యంత్రములును పలకరించుకొనవలెను. "మాటలాడవచ్చునా?" అని ఒకటి అడుగును. "వచ్చును, నీకు వినబడుచున్నదా?" అని రెండవది బదులు పలుకును. "వినబడుచున్నది" అని మొదటిది తెలుపును. ఈ పలకరింపునకు ఒక రాకపోక కాలము పట్టును. అసలు పుట ఇంకను కదలనే లేదు.

దూరము చేయు ఆలస్యము

గాజుతీగలో కాంతి సెకండునకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పయనించును. హైదరాబాదునుండి అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోకు భూగోళముమీద కొలిచిన కనిష్ఠదూరము సుమారు 13,500 కిలోమీటర్లు. కావున ఒక సంకేతము పోయి వచ్చుటకు, తీగ సూటిగా నున్నదని అనుకొన్నను, 135 మిల్లీసెకండులు పట్టును. నిజమునకు సముద్రగర్భపు తీగలు చుట్టు తిరిగిపోవును. అందుచేత పట్టుకాలము ఇంకను హెచ్చు.

ఇది మార్చుటకు వీలులేని హద్దు. ఎంత ధనము వెచ్చించినను కాంతివేగము పెరుగదు. తగ్గింపగలిగినది రాకపోకల సంఖ్య మాత్రమే.

పాతపద్ధతిలో ఎన్ని రాకపోకలు కావలెనో చూతము. టి.సి.పి. పలకరింపునకు ఒకటి. సమాచారమును ఇతరులు చదువకుండునట్లు గూఢలేఖనము చేయుటకు టి.ఎల్.ఎస్. అను వేరొక ప్రోటోకాలు కలదు, దాని 1.2 రూపములో తాళపుచెవులు మార్చుకొనుటకు రెండు. తరువాత అసలు వినతికి ఒకటి. మొత్తము నాలుగు. ఒక్కొక్కటి 135 మిల్లీసెకండులైన, పుటలోని మొదటి అక్షరము చేరుటకే 540 మిల్లీసెకండులు, అనగా అరసెకండునకు మించి పట్టును. బలహీనమైన మొబైలు జాలములో రాకపోకకు 300 మిల్లీసెకండులు పట్టిన, మొదటి అక్షరమునకు 1.2 సెకండులు కావలెను.

ఇంతటితో ఆలస్యము ముగియదు. 1986 అక్టోబరులో అమెరికాలో ఒక వింత జరిగినది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణమునకును నడుమ దూరము 400 గజములు మాత్రమే. వాని నడుమ సెకండునకు 32,000 బిట్ల చొప్పున సాగుచుండిన రవాణా అకస్మాత్తుగ 40 బిట్లకు పడిపోయినది! జాలము క్రిక్కిరిసినపుడు పొట్లములు పోయెను. పోయినవానిని యంత్రములన్నియు మరల మరల పంపుటచే ఒత్తిడి ఇంకను పెరిగెను. వాన్ జాకబ్‌సన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని పరిశోధించి 1988లో మార్గము చూపెను. ఆ ప్రకారము, కొత్త సంబంధము నెమ్మదిగా ప్రారంభము కావలెను. మొదట కొన్ని పొట్లములే పంపవలెను. రసీదులు వచ్చినకొలది సంఖ్యను రెట్టింపు చేయవలెను. పొట్లము పోయినచో వెంటనే తగ్గింపవలెను.

2013లో సూచించిన పద్ధతి ననుసరించి మొదటి విడతలో 10 పొట్లములు పంపవచ్చును. తరువాత 20, ఆ తరువాత 40. ఒక్కొక్క పొట్లములో సమాచారము సుమారు 1,460 బైట్లు. 1,02,000 బైట్ల చిత్రమును పంపుటకు 70 పొట్లములు కావలెను. అనగా మూడు విడతలు. ప్రతి కొత్త సంబంధమును ఇట్లు బాల్యమునుండి పెరుగవలసినదే. కావున సంబంధములు తక్కువగను, దీర్ఘకాలము నిలుచునవిగను ఉండుట మేలు.

ఒకే వరుసలోని చిక్కు

హెచ్.టి.టి.పి. 1.1 సరిగ ఈ విషయముననే విఫలమైనది. ఒక సంబంధముమీద ఒక వినతికి పూర్తిగ బదులు వచ్చినపిమ్మటనే రెండవ వినతికి బదులు రాగలదు. రేషను దుకాణము ముందు ఒకే వరుస యున్నదనుకొనుడు. మొదట నిలిచినవానికి పది బస్తాలు కావలెను. వాని వెనుకనున్న బాలునికి ఒక అగ్గిపెట్టె చాలును. అయినను ఆ బాలుడు పది బస్తాలు తూచువరకు నిలువవలసినదే.

తొలికాలమున ఒక పుట అనగా కొంత వ్రాత, ఒకటి రెండు చిత్రములు. తరువాతి కాలపు పుటలో పదులకొలది చిత్రములు, అక్షరరూపముల దస్త్రములు, ప్రోగ్రాములు చేరినవి. ఈ చిక్కును తప్పించుకొనుటకు బ్రౌజర్లు ఒక్కొక్క సర్వరునకు ఆరేసి సంబంధములు తెరువసాగినవి. అనగా ఒక వరుసకు బదులు ఆరు వరుసలు. కాని ఆరు సంబంధములకును పలకరింపులు వేరువేరుగ జరుగవలెను; ఆరును నెమ్మదిగా ప్రారంభము కావలెను. వెబ్‌సైట్లు నిర్మించువారు కూడ ఉపాయములు పన్నిరి. చిన్న చిత్రములను ఒకే పెద్ద చిత్రముగ అతికించి పంపిరి. ఒకే సైటును అనేక పేర్లతో చూపి, పేరునకు ఆరు చొప్పున సంబంధములు సంపాదించిరి. ఇవి రోగమును మాన్పు మందులు కావు. నొప్పిని మరపించు లేపనములు మాత్రమే.

రెండవ తరము

2009లో గూగుల్ సంస్థకు చెందిన మైక్ బెల్షి, రాబర్టో పియాన్ అను ఇంజనీర్లు స్పీడీ అను కొత్త ప్రోటోకాలును ప్రకటించిరి. ఇంటర్నెట్టు ప్రమాణములను బహిరంగచర్చలతో నిర్ణయించు ఐ.ఇ.టి.ఎఫ్. అను సంఘము దానిని ఆధారముగ గైకొని, సవరించి, 2015 మే నెలలో హెచ్.టి.టి.పి. రెండవ తరమును ప్రకటించినది.

దీని ముఖ్యలక్షణము సంబంధమును ప్రవాహములుగ విభజించుట. ప్రతి వినతికి ఒక ప్రవాహము, ప్రతి ప్రవాహమునకు ఒక అంకె. బ్రౌజరు ప్రారంభించు ప్రవాహములకు బేసి అంకెలే యుండును. ప్రత్యుత్తరములను చిన్నచిన్న చట్రములుగ కోసి, ప్రతి చట్రమునకు ముందు తొమ్మిది బైట్ల చీటీ అంటింతురు. చట్రము పొడవెంత, అది యే రకమునకు చెందినది, ఏ ప్రవాహమునకు చెందినది అను వివరములు ఆ చీటీలో నుండును. ఇక వివిధ ప్రవాహముల చట్రములను ఒకే తీగమీద కలగలిపి పంపవచ్చును. చేరినచోట చీటీల ననుసరించి వానిని వేరుచేయవచ్చును. రేషను దుకాణములోని బాలుడు పది బస్తాలు ముగియువరకు ఆగనక్కరలేదు. రెండు బస్తాల నడుమ వాని అగ్గిపెట్టె వానికి అందును.

రెండవ లక్షణము శీర్షికల కుదింపు. పుటలోని వ్రాతను కుదించి పంపుట పాతపద్ధతిలోనే కలదు. తెలుగు పుటలకు ఇది మిక్కిలి ఉపకరించును. వెబ్‌లో సాధారణముగ వాడు యు.టి.ఎఫ్. 8 సంకేతపద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు వర్ణమునకును, గుణింతపు గుర్తునకును మూడేసి బైట్లు కావలెను. "తెలుగు" అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తము ఆరు సంకేతములు కలవు. అనగా 18 బైట్లు. కాని ప్రతి మూడు బైట్లలో మొదటి బైటు ఎల్లప్పుడు ఒకటే. రెండవది రెండు విలువలలో నేదో యొకటి. ఇట్లు తిరిగి తిరిగి వచ్చునవి కనుకనే వీనిని చక్కగ కుదింపవచ్చును.

శీర్షికలకు మాత్రము ఈ సౌకర్యము లేకుండెను. బ్రౌజరు పేరు, భాష, గుర్తింపు చీటీలు మొదలగు వందలకొలది బైట్లను ప్రతి వినతితోను మరల పంపవలసి యుండెను. రెండవ తరములో రెండు యంత్రములును ఒక పట్టికను ఉంచుకొనును. తరచుగా వచ్చు 61 శీర్షికలు ఆ పట్టికలో ముందే యుండును. కొత్తవి అప్పటికప్పుడు చేరును. పిమ్మట శీర్షికకు బదులు దాని వరుససంఖ్యను పంపిన చాలును. "ఇమ్ము" అను వినతిని తెలుపు శీర్షిక పట్టికలో రెండవది. కావున దానికి ఒకే బైటు సరిపోవును.

పోయిన పొట్లము

రెండవ తరము వరుసలోని చిక్కును తీర్చినట్లు కనిపించినను, నిజమునకు దానిని ఒక అంతస్తు క్రిందికి నెట్టినది. ప్రవాహములను గూర్చి హెచ్.టి.టి.పి.కి తెలియును గాని, క్రిందనున్న టి.సి.పి.కి తెలియదు. దాని దృష్టిలో అంతయు ఒకే వరుస. 41వ పొట్లము దారిలో పోయినదనుకొనుడు. 42 నుండి 60 వరకు పొట్లములు చేరియున్నను, 41వది మరల వచ్చువరకు టి.సి.పి. వానిని పైకి అందింపదు. పోయిన పొట్లము ఒక చిత్రమునకు చెందినదే కావచ్చును. కాని దానితో సంబంధములేని వ్రాతయు, ఇతర చిత్రములును నిలిచిపోవును. ఒంటిదారిలో ఒక బండి చక్రము విరిగిన, వెనుకనున్న బండ్లన్నియు ఆగినట్లే.

పాతపద్ధతిలో ఆరు సంబంధములలో ఒకటి ఆగినను, తక్కిన ఐదును సాగుచుండెను. కావున పొట్లములు తరచుగ పోవు బలహీనపు జాలములలో రెండవ తరము ఒక్కొక్కప్పుడు మొదటిదానికంటె మందముగ పనిచేసినది.

క్విక్ — మూడవ తరము

టి.సి.పి.ని మార్చినచో సరిపోవును గదా యని తోచవచ్చును. కాని అది సులభము కాదు. టి.సి.పి. కంప్యూటర్ల మూలవ్యవస్థలలోనే ఇమిడియున్నది. అంతేకాక, దారిలోనున్న కాపలాయంత్రములనేకము పొట్లముల పైచీటీలను చదివి, తమకు తెలియని గుర్తు కనిపించిన పొట్లమును పారవేయును. 2018లో టి.ఎల్.ఎస్. 1.3 రూపము వెలువడినపుడు, ఈ యంత్రములు అడ్డగింపకుండుటకై అది తన పలకరింపులో పాత 1.2 వేషము ధరింపవలసి వచ్చెను.

అందుచే ఇంజనీర్లు వేరుదారి వెదకిరి. 1980లో ప్రమాణమైన యు.డి.పి. అను ప్రోటోకాలు కలదు. అది సాధారణ తపాలా వంటిది. రసీదు లేదు, వరుస లేదు. దానిమీద తమ స్వంత రసీదుల పద్ధతిని కట్టుకొనవచ్చును. 2012 ప్రాంతమున గూగుల్‌లో జిమ్ రాస్కిండ్ ఇట్లు రూపొందించిన ప్రోటోకాలే క్విక్. 2016లో ఐ.ఇ.టి.ఎఫ్. దీనిని చేపట్టినది. ఐదేండ్ల చర్చలో అది ఎంతయో మారినది. ఉదాహరణమునకు, గూగుల్ స్వయముగ కల్పించుకొనిన గూఢలేఖన పద్ధతిని తీసివేసి, దాని స్థానమున టి.ఎల్.ఎస్. 1.3ను ఉంచిరి. 2021 మేలో క్విక్ ప్రమాణమును, 2022 జూనులో దానిమీద నడచు హెచ్.టి.టి.పి. మూడవ తరమును వెలువడినవి.

క్విక్‌లో విశేషములు మూడు. మొదటిది: ప్రవాహములను మోతపద్ధతియే ఎరుగును. కావున పొట్లము పోయిన, అందులో ఏ ప్రవాహపు భాగమున్నదో ఆ ప్రవాహము మాత్రమే ఆగును. రెండవది: పలకరింపును, తాళపుచెవుల మార్పిడియు ఒకే రాకపోకలో ముగియును. టి.సి.పి.మీద టి.ఎల్.ఎస్. 1.3 వాడినను మొదటి అక్షరమునకు మూడు రాకపోకలు కావలెను. క్విక్‌కు రెండు చాలును. ఇదివరకే పరిచయమున్న సర్వరైనచో వినతిని పలకరింపుతోపాటే పంపవచ్చును. అప్పుడు ఒకటే చాలును. మూడవది: టి.సి.పి. సంబంధము రెండు యంత్రముల చిరునామాలతో ముడిపడియున్నది. విద్యార్థి ఇంటినుండి వీథిలోనికి వచ్చినపుడు ఫోను వైఫై విడిచి మొబైలు జాలమునకు మారును, చిరునామా మారును, సంబంధము తెగును. క్విక్ సంబంధమునకు స్వంత గుర్తింపు సంఖ్య యుండును. ఊరు మారినను మనిషి పేరు మారనట్లు, చిరునామా మారినను సంబంధము నిలుచును.

ఎవరికి మేలు?

ఈ లాభములు అందరికిని సమానముగ కలుగలేదు. 2017లో గూగుల్ ఇంజనీర్లు తమ క్విక్ అనుభవమును ఒక పరిశోధనాపత్రములో ప్రకటించిరి. అందు మూడు దేశములను పోల్చిరి. దక్షిణ కొరియాలో సగటున కనిష్ఠ రాకపోక కాలము 38 మిల్లీసెకండులు. మరల పంపవలసివచ్చిన పొట్లములు నూటికి 1. అమెరికాలో 50 మిల్లీసెకండులు, నూటికి 2. భారతదేశములో 188 మిల్లీసెకండులు, నూటికి 8.

ఫలితములును అట్లే యున్నవి. గూగుల్ అన్వేషణపుటలు కంప్యూటర్లమీద తెరచుకొను కాలము కొరియాలో నూటికి 1.3 వంతులు మాత్రమే తగ్గినది, భారతదేశములో 13.2 వంతులు తగ్గినది. యూట్యూబులో దృశ్యము నడుమ నడుమ నిలిచిపోవుట మొబైలు ఫోన్లమీద కొరియాలో 10.1 వంతులు, భారతదేశములో 20.2 వంతులు తగ్గినది. ఇవి ప్రోటోకాలును నిర్మించిన సంస్థయే తీసిన కొలతలనియు, ఇవి ఆనాటి జాలముల స్థితికి చెందినవనియు గుర్తుంచుకొనవలెను. అయినను వీనిలోని తర్కము స్పష్టము. మంచి తీగ కలవానికి పాత నియమావళియు చాలును. దూరమున, బలహీనమైన సంకేతముతో, తక్కువ వెలగల ఫోనుతో చదువుకొను విద్యార్థికే కొత్త నియమావళి ఎక్కువ అవసరము. అతనికి విద్యాబోధన చేయు వెబ్‌సైటు పాతపద్ధతిలోనే నిలిచిపోయిన, ఆ నష్టమును భరించువాడును అతడే.

వెబ్‌సైట్లు మారిన విధము

కొత్త ప్రమాణములు వెలువడినను ఆచరణలోనికి రాక మూలపడుట సాధారణము. ఇంటర్నెట్టు చిరునామాల కొత్తపద్ధతి యైన ఐ.పి. ఆరవ రూపము 1995లోనే ప్రకటింపబడినను, నేటికిని పాతదానిని పూర్తిగ తొలగింపలేకపోయినది. దారిలోని యంత్రములు, రెండు కొసలలోని యంత్రములు అన్నియు మారవలసియుండుటయే ఇందుకు ముఖ్యకారణము. హెచ్.టి.టి.పి. కథ వేరు. ఇచ్చట బ్రౌజరు, సర్వరు అను రెండు కొసలు మారిన చాలును. వినతుల అర్థము మారలేదు గాన, పుటలను తిరిగి వ్రాయనక్కరలేదు.

ఇరుపక్షములకు ఏ భాష వచ్చునో తెలిసికొను ఏర్పాటు కూడ కుదిరినది. గూఢలేఖనపు పలకరింపులోనే "నాకు ఈ తరములు వచ్చును" అని బ్రౌజరు జాబితా పంపును. సర్వరు అందులో ఒకదానిని ఎన్నుకొనును. 2014లో ప్రమాణమైన ఈ పద్ధతికి అదనపు రాకపోక అవసరము లేదు. మూడవ తరమునకు దారియే వేరు గనుక, సర్వరు మొదట పాతదారిలో బదులిచ్చుచు, "నేను క్విక్‌లో కూడ దొరుకుదును" అని శీర్షికలో తెలుపును. బ్రౌజరు తరువాత ఆ దారిని ప్రయత్నించును. అది మూసియున్నచో మరల పాతదారికి వచ్చును. చదువరికి ఇదంతయు తెలియనే తెలియదు.

2015 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఎన్‌జిన్‌ఎక్స్, అపాచీ అను ప్రసిద్ధ సర్వరు ప్రోగ్రాములలో రెండవ తరము చేరినది. పుటల ప్రతులను దేశదేశములలోనుంచి అందించు పంపిణీసంస్థలు కూడ త్వరగా మారినవి. క్లౌడ్‌ఫ్లేర్ అను సంస్థ 2015 డిసెంబరులో తన ఖాతాదారులకందరికిని దీనిని సమకూర్చినది. దానితో అనేక చిన్న వెబ్‌సైట్లు తమ యజమానులు ఏమియు చేయకుండగనే కొత్త తరములోనికి వచ్చినవి. బ్రౌజర్లు గూఢలేఖనము గల సైట్లకు మాత్రమే రెండవ తరమును అనుమతించినవి. సరిగ ఆ సమయముననే, 2015 చివర, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను లాభాపేక్షలేని సేవ గూఢలేఖన పత్రములను ఉచితముగ నిచ్చుట ప్రారంభించినది. ఖర్చు అను అడ్డు తొలగినది. 2020 నాటికి వెబ్ వినతులలో సగమునకు మించి రెండవ తరములోనే సాగుచుండెను. ఎన్‌జిన్‌ఎక్స్‌లో మూడవ తరము 2023 మేలో ప్రయోగాత్మకముగ చేరినది.

లోపములు, జాగ్రత్తలు

కొత్తదంతయు మంచిదే యనుట శాస్త్రదృష్టి కాదు. రెండవ తరములో, అడుగకముందే సర్వరు వస్తువులను పంపు సౌకర్యము నొకదానిని చేర్చిరి. బ్రౌజరు దగ్గర ఇదివరకే యున్నవానిని కూడ అది పంపుచు తీగను వృథా చేయుటచే, 2022లో క్రోమ్ బ్రౌజరు దానిని తొలగించినది.

ప్రవాహములను తెరచుటయు, వెంటనే రద్దుచేయుటయు సులభమగుటచే దుర్మార్గులకు ఒక దారి దొరకినది. లక్షలకొలది వినతులను పంపి, వెంటవెంటనే రద్దుచేసి, సర్వరును వ్యర్థశ్రమతో ముంచవచ్చును. 2023 ఆగస్టులో ఇట్టి దాడి యొకటి సెకండునకు 39 కోట్ల 80 లక్షల వినతుల స్థాయికి చేరినట్లు గూగుల్ ఆ సంవత్సరము అక్టోబరులో తెలిపినది. సర్వర్ల ప్రోగ్రాములన్నిటిని సవరింపవలసి వచ్చెను.

క్విక్‌లో పలకరింపుతోపాటు పంపు వినతిని దొంగ యెవడైన పట్టి, మరల సర్వరునకు పంపగలడు. అతడు దానిని చదువలేకున్నను, సర్వరు అదే పనిని రెండుమారులు చేయవచ్చును. పుటను చూపు వినతియైన ప్రమాదము లేదు. సొమ్ము చెల్లించు వినతియైన ప్రమాదమే. కావున అట్టి వినతులను ఈ తొందరదారిలో పంపరాదు. ఇంతేకాక, క్విక్ సర్వరునకు శ్రమ హెచ్చు. 2017 పత్రము ప్రకారము, ఎంత సవరించినను, అది పాతపద్ధతికంటె రెండురెట్ల గణనశక్తిని వాడెను. కొన్ని కార్యాలయముల, కళాశాలల జాలములు యు.డి.పి.ని అడ్డగించును, అచ్చట మూడవ తరము పనిచేయదు.

ఆలోచింపదగిన మరియొక విషయము కలదు. బ్రౌజరును, పెద్ద సర్వర్లను తన చేతిలో నుంచుకొనిన సంస్థ రెండు కొసలను ఒకేమారు మార్చి ప్రయోగము చేయగలదు. స్పీడీ, క్విక్‌లు అంత వేగముగ ఎదుగుటకు ఇదియే కారణము. అట్టి శక్తి కొద్ది సంస్థలకే యుండుట మంచిదా యన్న ప్రశ్నకు బహిరంగముగ చర్చించు ప్రమాణసంఘము కొంతవరకు సమాధానము. ఒక సంస్థ కనుగొన్న క్విక్, ఐదేండ్ల విమర్శకు గురియై మారిన పిమ్మటనే ప్రపంచపు సొత్తు అయినది.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ విషయమును అట్టముక్కలతో చూపవచ్చును. ఎరుపు, నీలము, ఆకుపచ్చ రంగుల ముక్కలు నాలుగేసి తీసికొనవలెను. మూడు రంగులను కలగలిపి 1 నుండి 12 వరకు అంకెలు వేయవలెను. ఒక విద్యార్థి వానిని వరుసగా పంపవలెను. నడుమ నిలిచినవాడు 3వ ముక్కను దాచివేయవలెను. అందుకొనువాడు 3వది తిరిగివచ్చువరకు 4 మొదలు ఏ ముక్కను ముగ్గురు "చదువరులకు" ఇయ్యరాదు. ఇది టి.సి.పి. పద్ధతి. రెండవమారు ప్రతి రంగునకు వేరుగా 1 నుండి 4 వరకు అంకెలు వేసి, ఒక్క ముక్కను దాచవలెను. ఇప్పుడు ఆ రంగు చదువరి మాత్రమే నిరీక్షించును. ఇది క్విక్ పద్ధతి. రెండుమారులును గడియారముతో కాలము కొలిచి, భేదమును నల్లబల్లపై వ్రాయవలెను.

పాఠశాలలో కంప్యూటరు ఉన్నచో క్రోమ్ బ్రౌజరులో ఎఫ్12 మీట నొక్కి, నెట్‌వర్క్ అను భాగమును తెరువవచ్చును. అచ్చటి పట్టిక శీర్షికపై మౌసు కుడిమీట నొక్కి ప్రోటోకాల్ అను గడిని చేర్చినచో, ప్రతి వస్తువు ఏ తరములో వచ్చినదో కనిపించును. "హెచ్2" అనిన రెండవ తరము, "హెచ్3" అనిన మూడవ తరము. విద్యార్థులు తాము నిత్యము చూచు పది వెబ్‌సైట్లను ఎన్నుకొని, తమ పాఠశాలకును, తమ జిల్లాకును, తమ రాష్ట్రమునకును పనికివచ్చు సైట్లను ప్రత్యేకముగ చేర్చి, ఏది యే తరములో నున్నదో పట్టిక వేయవచ్చును.

ఆ పట్టికలో వెనుకబడిన సైటు కనిపించిన, అది యంత్రముల పేదరికము కానక్కరలేదు. చాలచోట్ల సర్వరు ప్రోగ్రామును నవీకరించి, అమరికలలో కొద్ది పంక్తులు మార్చిన చాలును. కాంతివేగమును ఎవరును పెంచలేరు. గ్రామమునకు కొత్త తీగ వేయుటకు ఏండ్లు పట్టవచ్చును. కాని నియమావళిని మార్చుట మనుష్యుల చేతిలోనిది. వృథాగా పోవు రాకపోకలను తగ్గించిన, ఆ మేరకు దూరమే తగ్గినట్లగును.